డబ్బులిచ్చి కొనుక్కున్న మసి

‘‘నిన్ను ఈ మసిలోంచి బయటపడెయ్యడానికి అమెరికా పంపిస్తే, నువ్వు డబ్బులిచ్చి మసి కొనుక్కున్నావా?’’

ఆ ఒక్క మాట అని నాన్న ఫోన్ పెట్టేశాడు.

2022 జూన్‌లో ఒక శనివారం రాత్రి. ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నిలబడి, అప్పుడే కొన్న కారుని వాట్సాప్ వీడియోలో ఆయనకి తిప్పి తిప్పి చూపిస్తున్నా. ఎర్ర రంగు. రెండే సీట్లు. పైన టాపు వెనక్కి మడిచేసి ఉంది. 1994 మోడల్ మాజ్దా మియాటా. అంటే కారు వయసు 28. నాకంటే ఏడాది పెద్దది.

మెచ్చుకుంటాడనుకున్నా. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో 30 ఏళ్ళు షెడ్డు నడిపిన మెకానిక్. ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పే మనిషి. కారు చూపించడానికి ఇంతకంటే సరైనవాళ్ళు ఎవరుంటారు? కానీ ఆయనకి కనబడింది కారు కాదు. 2017లో నా ఎంఎస్ కోసం అమ్మేసిన లేత్ మిషన్. వదిలేసుకున్న షెడ్డు. ఆ తర్వాత నాలుగేళ్ళు పక్క షెడ్డులో జీతానికి చేసిన పని. లోను తీరాక నేనే బతిమాలి ఆ పని మాన్పించా. ‘ఇక ఆ మసి పీడ వదిలింది’ అని ఆయన అనుకుంటున్న టైములో నేనీ కారు కొన్నా.

నా వైపు కూడా ఒక పాత లెక్క ఉంది. చిన్నప్పుడు నాకు షెడ్డంటే పిచ్చి. సెలవు రోజు నాన్నకి క్యారేజీ ఇచ్చే వంకతో పరిగెత్తేదాన్ని. క్యారేజీ గుమ్మంలోనే అందుకుని, ‘‘ఇక్కడ నీకేం పని? ఇంటికెళ్ళి చదువుకో’’ అనేవాడు. మా బాబాయి కొడుకు నాకంటే రెండేళ్ళు చిన్న. వాడు మాత్రం లోపలికెళ్ళి దర్జాగా పానాలు అందించేవాడు. ఆడపిల్లననే కదా నన్ను రానివ్వట్లేదని నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ మంట పెద్దయ్యాక కూడా పూర్తిగా ఆరలేదు.

ఇంకోటి కూడా గుర్తు. స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చినప్పుడు నాన్న రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడేవాడు. ఎంత రుద్దినా నలుపు పోని గోళ్ళు టీచర్ కంట పడకూడదని. ఫొటోల్లోనూ అంతే. మా ఇంట్లో ఉన్న ఒక్క ఫొటోలో కూడా నాన్న చేతులు కనబడవు.

మాజ్దా అంటే వ్యానేగా?

నాన్న ఫోన్ పెట్టేశాక అమ్మ మళ్ళీ చేసింది. ‘‘ఇంతకీ అదేం కారే?’’

‘‘మాజ్దా అమ్మా.’’

‘‘మాజ్దా అంటే వ్యాను కదే! స్కూలు పిల్లల్ని ఎక్కించుకునేది!’’

అమ్మ తప్పేం లేదు. మన రోడ్ల మీద తిరిగిన స్వరాజ్ మాజ్దా లారీలు, మినీ బస్సులే మనవాళ్ళకి తెలిసిన మాజ్దా. నాన్న వాటిని ఎన్నింటిని బాగుచేశాడో లెక్కలేదు.

మియాటా కథ వేరు. 1960లలో ఇంగ్లండ్‌లో లోటస్ ఎలాన్‌లాంటి చిన్న, తేలికపాటి ఓపెన్ టాప్ కార్లు ఉండేవి. నడుపుతుంటే భలే ఉండేవి. కాకపోతే ఆయిల్ కారడం, వైరింగ్ మొరాయించడం మామూలే. రానురాను అలాంటివి తగ్గిపోయాయి. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ ఆటోమొబైల్ జర్నలిస్టు, మాజ్దా పెద్దల్లో ఒకరైన కెనిచి యమమోటోకి ఒక సలహా ఇచ్చాడు. అలాంటి చిన్న కారు మీరు చెయ్యండి అని. పదేళ్ళకి, 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మియాటా బయటికొచ్చింది. ఆ పాత కార్ల సరదా ఉంది, పాత కార్ల తలనొప్పి లేదు. దీని వెనకున్న ఆలోచనని జపాన్‌లో ‘జిన్‌బా ఇట్టాయ్’ అంటారు. రౌతూ గుర్రమూ ఒకటైపోవడం అని. 2016 ఏప్రిల్‌కి 10 లక్షల కార్లు తయారయ్యాయి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలోనే ఎక్కువ అమ్ముడైంది ఇదేనని గిన్నిస్ రికార్డు కూడా ఉంది.

స్పోర్ట్స్ కారు అనగానే మీరు ఏ లంబోర్గినీనో ఊహించుకోకండి. నా కారుది 1.8 లీటర్ల ఇంజిన్, 128 హార్స్‌పవర్. బరువు వెయ్యి కిలోలకి కాస్త ఎక్కువ. ఐదు గేర్లు, మాన్యువల్. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఇవాళ్టి ఫ్యామిలీ కార్లు కూడా దీన్ని దాటేసి వెళ్ళిపోతాయి. దీని మజా స్పీడులో లేదు. నేలకి జానెడు ఎత్తులో కూర్చున్నట్టుంటుంది. గంటకి 60 కిలోమీటర్లు వెళ్తున్నా వంద మీద ఉన్నట్టుంటుంది. గేరు పడిన ‘టక్’ మనే చప్పుడు అరచేతికి తెలుస్తుంది. ఎవరింటి ముందో గడ్డి కోస్తే ఆ వాసన మన పక్క సీట్లో కూర్చుంటుంది.

పైగా హెడ్‌లైట్లు. మామూలుగా బానెట్ లోపల దాక్కుంటాయి. స్విచ్ వేస్తే రెండు కళ్ళలా పైకి లేస్తాయి. 1997 తర్వాత వచ్చిన మోడల్లో అవి తీసేశారు. నాకు ఆ కళ్ళే కావాలి. అందుకే పాతది వెతికా. ముందునుంచి చూస్తే అచ్చం బోదురుకప్ప. కాబట్టి పేరు ‘కప్ప’.

దుర్గమ్మ మ్యాగ్నెట్

కప్ప దొరకడానికి ముందు ఒకటి చూశా. 3,500 డాలర్లు. తళతళలాడే నల్ల పెయింట్. ఫొటోల్లో చూసి సగం ప్రేమలో పడిపోయా. చూడ్డానికి వెళ్ళేటప్పుడు ఎందుకో మా ఫ్రిజ్ మీదున్న కనకదుర్గమ్మ మ్యాగ్నెట్ తీసి జేబులో వేసుకున్నా.

ఎందుకో కాదు. నాన్న చొక్కా జేబులో ఎప్పుడూ పాత స్పీకర్ నుంచి తీసిన చిన్న అయస్కాంతం ఉండేది. ఎవరైనా సెకండ్ హ్యాండ్ బండి చూపించడానికి తెస్తే, బాడీ చుట్టూ దాన్ని ఆనిస్తూ ఒక రౌండు వేసేవాడు. లోపల ఇనుము ఉంటే అంటుకుంటుంది. తుప్పు మీద మందంగా పుట్టీ కొట్టి పెయింట్ వేస్తే అంటుకోదు, జారిపోతుంది. గుమ్మం బయట నిలబడి చూసిన దాన్నే అయినా, ఆ సంగతి నాకు గుర్తుంది.

మియాటాలో తుప్పు ముందు పట్టేది తలుపుల కింద, వెనక చక్రానికి కాస్త ముందుండే రేకుకి. అక్కడ పెట్టా. దుర్గమ్మ నిలబడలేదు. జారి నా చేతిలో పడింది. కాస్త ముందుకి జరిపి పెట్టా. మళ్ళీ జారింది. రెండోవైపూ అంతే. అమ్ముతున్నతను నా చేతిలోని అమ్మవారిని అయోమయంగా చూస్తున్నాడు. థాంక్స్ చెప్పి వచ్చేశా. ఒహాయోలో చలికాలమంతా రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు ఇక్కడి పాత కార్లని కింద నుంచి తినేస్తుంది. ఆ కారుకి కింద తినడానికి ఇంకేం మిగల్లేదు.

రెండోది కప్ప. అమ్మేది రిటైరైన ఒక మ్యూజిక్ టీచర్. ఏడువేలు అడిగాడు. 1,12,000 మైళ్ళు తిరిగింది, అంటే దాదాపు 1,80,000 కిలోమీటర్లు. పెయింట్ వెలిసింది. డ్రైవర్ సీటు అంచు చిరిగింది. కానీ దుర్గమ్మ రెండువైపులా గట్టిగా అంటుకుంది. ఆయన లోపలికెళ్ళి ఒక లావుపాటి ఫైలు తెచ్చాడు. కొన్నప్పట్నుంచి మార్చిన ప్రతి పార్టుకీ బిల్లు. పాత కారు కొనేటప్పుడు మెరుపు చూడకండి, ఇలాంటి ఫైలుందేమో చూడండి. 

ఆ ఫైల్లోనే బేరానికి దారి కూడా దొరికింది. టైమింగ్ బెల్టు చివరిసారి మార్చి 14 ఏళ్ళయింది. దాన్ని 60,000 మైళ్ళకోసారి మార్చాలి. అన్ని మైళ్ళు తిరక్కపోయినా రబ్బరుకి వయసు మీద పడుతుంది. ఈ ఇంజిన్లో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకి తగలవు, బండి ఆగిపోతుందంతే. అయినా అర్ధరాత్రి హైవే మీద ఆగితే ఎవరికి లాభం? ఆ ఖర్చు చూపించి అడిగితే ఆయన ఒప్పుకున్నాడు. వేరే మెకానిక్ దగ్గర 150 డాలర్లిచ్చి కంప్రెషన్‌తో సహా అన్నీ చెక్ చేయించా. చివరికి 6,200 దగ్గర తెగింది. మన డబ్బుల్లో దాదాపు ఐదు లక్షలు.

ఇక్కడ టైటిల్ అనే కాగితం వెనక అమ్మేవాళ్ళు నోటరీ ముందు సంతకం పెట్టాలి. మన దగ్గర ఫారం 29, 30 మీద పెట్టినట్టు. పెన్ను పట్టుకుని ఆయన ఒక్క క్షణం ఆగాడు. ‘‘వానొచ్చే ముందు దాని డ్రెయిన్లు శుభ్రం చెయ్యి’’ అన్నాడు. సరేనన్నా. అర్థం మాత్రం కాలేదు.

వాన నేర్పిన పాఠం

అర్థమవడానికి పది రోజులు పట్టింది. ఒక రాత్రంతా వాన. పొద్దున్నే తలుపు తీస్తే లోపల తడి బట్టల వాసన. సీటు వెనక కార్పెట్ పిండితే నీళ్ళు. టాపు చిరగలేదు. మరి నీళ్ళెక్కడివి?

బట్ట టాపున్న కారులో నీళ్ళని పూర్తిగా ఆపరు, దారి మళ్ళిస్తారు. టాపు మీద పడ్డ నీళ్ళు వెనక అంచున ఉన్న కాలవలోకి వెళ్ళి, సీట్ల వెనక రెండు మూలల్లోని రంధ్రాల్లోంచి కిందికి, వెనక చక్రాల ముందు నేల మీదికి పోతాయి. ఆ రంధ్రాల్లో ఎండుటాకులు, మట్టి అడ్డుపడితే నీళ్ళు నిలిచిపోతాయి. కొన్ని లోపలికొస్తాయి, కొన్ని ఆ కింది రేకులో నిలబడి దాన్ని కుళ్ళబెడతాయి. ఆ నల్ల కారు దగ్గర దుర్గమ్మ ఎందుకు జారిందో అప్పుడు అర్థమైంది. దాన్ని పాడుచేసింది ఉప్పొక్కటే కాదు. ఎవరో ఆకులు తియ్యలేదు.

గట్టి కమ్మీ పెట్టి పొడిస్తే లోపలి గొట్టం చిల్లు పడుతుంది. అందుకని గడ్డి కోసే మిషన్లో వాడే నైలాన్ తీగ మెల్లగా దింపా. తర్వాత సీసాతో నీళ్ళు పోసి కిందికి వంగి చూశా. ముందు బొట్లు బొట్లుగా, తర్వాత నల్లగా, ఆఖరికి తేటగా ధార. ఆ ధార చూసి పార్కింగ్‌లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టా. ఇప్పుడు నెలకోసారి ఆ పని. పైసా ఖర్చు లేదు, పావుగంట చాలు.

ఇలాంటివే మరికొన్ని. వెనక అద్దం గాజు కాదు, మెత్తటి ప్లాస్టిక్. టాపు దించే ముందు దాని జిప్పు తీసి పడుకోబెట్టాలి. బాగా చలిగా ఉన్నప్పుడు అసలు మడవకూడదు, పగుల్తుంది. బ్యాటరీ బానెట్ కింద ఉండదు, డిక్కీలో ఉంటుంది. లోపల విలువైనవి పెట్టకూడదు. దొంగ టాపు కోస్తే, పోయిన వస్తువు కంటే టాపు ఖరీదు ఎక్కువ.

ఇవన్నీ నాన్నకి చెప్పాలని నాలుక మీద ఉండేది. కానీ ఆయన ఫోన్లో రెండు మాటలకి మించట్లేదు. ‘‘బాగున్నావా? అమ్మకిస్తా ఉండు.’’ మూడు నెలలు అంతే.

తొక్కాల్నా, ఇడ్వాల్నా?

సెప్టెంబర్లో ఒక శుక్రవారం సాయంత్రం కిరాణా షాపు పార్కింగ్‌లో కప్ప మొరాయించింది. క్లచ్ తొక్కితే పెడల్ నేలకంటుకుని పైకి రాలేదు. గేరు పడట్లేదు. పక్క సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టిన 20 పౌండ్ల సోనామసూరి బస్తా, నేను, ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మా ఊళ్ళో ఒక అక్క ఉంది. కరీంనగర్ మనిషి, సొంత ఇల్లు, ఖాళీ గ్యారేజీ. టోయింగ్ బండిలో కప్పని అక్కడికి చేర్పించా. షాపులో అడిగితే 400 డాలర్లన్నారు. నెట్‌లో చూస్తే పార్టు ధర 30. మిగతా 370 చేతులకి. చేతులు నాకూ ఉన్నాయిగా అనుకున్నా. ధైర్యం మాత్రం లేదు. రాత్రి తొమ్మిదైంది. విజయవాడలో పొద్దున్న ఆరున్నర. అమ్మకి ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకున్నా.

వెనకనుంచి గొంతు వినబడింది. ‘‘ఆయిల్ డబ్బాలో ఆయిలుందేమో చూడమను.’’

చూశా. అడుగంటింది. ‘‘లేదంట’’ అంది అమ్మ.

‘‘కింద గేర్‌బాక్స్ పక్కన తడిగా ఉందేమో చూడమను.’’

‘‘ఉందంట.’’

ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఫోన్ చేతులు మారిన చప్పుడు. ‘‘క్లచ్ కింది సిలిండర్ పోయింది. రెండు బోల్టులు, ఒక పైపు. పెద్ద పనేం కాదు. ముందు ఇది చెప్పు, బండి దేని మీద నిలబెడతావు?’’

‘‘జాకీ మీద.’’

‘‘ఫోన్ పెట్టెయ్.’’

ఈసారి కోపం కాదు, భయం. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరిన మనిషిని ఆయన తన కళ్ళతో చూశాడట. అది నాకెప్పుడూ చెప్పలేదు. మర్నాడు రెండు స్టాండ్లు కొని, వాటి మీద కారు నిలబెట్టి, చక్రాలకి అడ్డు పెట్టి, చేత్తో ఊపి చూపిస్తే గానీ ఆయన ముందుకి పోనివ్వలేదు. మీకూ అదే చెప్తున్నా. జాకీ బండిని లేపడానికే. బండి కిందికి దూరాలంటే స్టాండ్లు ఉండాల్సిందే.

పార్టు బిగించడానికి నాకు రెండు గంటలు పట్టింది. నాన్నయితే ఇరవై నిమిషాల్లో చేసేవాడు. అసలు పని ఆ తర్వాత. లైన్లో గాలి ఉంటే పెడల్ పనిచెయ్యదు. ఎయిర్ తియ్యాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి. కింద ఉన్నవాళ్ళు నిపుల్ వదులు చెయ్యాలి, బుడగలతో ఆయిల్ వస్తుంది. నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి. ముందే వదిలితే గాలి మళ్ళీ లోపలికి పోతుంది.

పెడల్ దగ్గర అక్క. కింద నేను. నా పక్కన నేల మీద ఫోన్లో నాన్న.

‘‘తొక్కాల్నా, ఇడ్వాల్నా? ఒక్కటి చెప్పు పిల్లా!’’

‘‘తొక్కి పట్టుకోమనమ్మా. ఫోన్ ఇంకాస్త కిందికి పెట్టు. ఆ... ఆ బుడగ చూశావా? ఇంకా ఉంది. మళ్ళీ.’’

పదిహేనోసారో ఇరవయ్యోసారో బుడగలు ఆగాయి. అక్క కేక పెట్టింది, ‘‘గట్టిగైంది!’’ మొహం మీద ఆయిల్, జుట్టులో మట్టితో బయటికొచ్చా. నాన్న స్క్రీన్‌కి దగ్గరగా వచ్చి నన్ను చూశాడు. ‘‘చేతులు సర్ఫుతో కడుక్కో, సబ్బుకి పోదు’’ అన్నాడంతే. కానీ మర్నాడు ఫోన్ ఆయనే చేశాడు. ‘‘లీకేజీ ఏమైనా ఉందా?’’ అని.

నిజం లెక్క

ఇది చదివి పాత కన్వర్టిబుల్ కొనేద్దాం అనుకునేవాళ్ళుంటారు. లెక్క దాచను. కొన్న ధర కాక మొదటి ఏడాదే 1,500 డాలర్ల దాకా అయింది. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు షాపులో చేయించా, 750. నాలుగు టైర్లు 420. బ్యాటరీ 140. క్లచ్ పార్టు, ఆయిల్ కలిపి 40. మిగతావి ఫిల్టర్లు, ఇంజిన్ ఆయిల్, చిల్లర. రెండో ఏడాది అందులో సగం కూడా కాలేదు.

చేతిలో పార్టుల డబ్బు లేకుండా పాత కారు కొనకండి. కొన్న ధరలో పావు వంతు పక్కన పెట్టుకోండి. అదొక్కటే కారయితే కూడా వద్దు. నాకు ఆఫీసుకి పాత కరోలా ఉంది కాబట్టి కప్ప అలిగితే నాకు ఉద్యోగం పోదు. నవంబర్ నుంచి మార్చి దాకా, రోడ్డు మీద ఉప్పున్నంత కాలం, కప్ప అక్క గ్యారేజీలో నిద్రపోతుంది. హైవే మీద పెద్ద ట్రక్కు పక్కన వెళ్తుంటే పక్కవాళ్ళ మాట వినబడదు. డిక్కీలో రెండు బ్యాగులు పడితే గొప్ప.

మరెందుకు? కొనడం ఒక్క రోజు సరదా. ఆ సరదా నెలలో పోయింది. తర్వాత మిగిలింది ఆదివారం పొద్దున్నే బానెట్ ఎత్తడం, ‘ఇదేంటి నాన్నా ఇలా ఉంది’ అని ఫోన్ తిప్పి చూపించడం. అదివరకు మేం ఏం మాట్లాడుకునేవాళ్ళమో గుర్తు తెచ్చుకుంటే గుర్తు రాదు. తిన్నావా, చలిగా ఉందా, అంతే. ఇప్పుడు గంట సరిపోదు.

రెండే సీట్లు

2024 సెప్టెంబర్లో అమ్మానాన్నా వచ్చారు. ఎయిర్‌పోర్టుకి కరోలా తీసుకెళ్ళా. మర్నాడు పొద్దున లేచేసరికి నాన్న కింద పార్కింగ్‌లో ఉన్నాడు. కప్ప చుట్టూ రౌండు వేస్తున్నాడు. జేబులోంచి ఏదో తీసి తలుపు కింద ఆనించాడు. స్పీకర్ అయస్కాంతం. సముద్రాలు దాటించి తెచ్చాడు!

‘‘నిలబడుతోందిలే’’ అన్నాడు నన్ను చూసి. స్టార్ట్ చెయ్యమన్నాడు. తల వంచి విన్నాడు. ‘‘టప్పెట్ సౌండ్ ఉందే.’’

‘‘హైడ్రాలిక్ లిఫ్టర్లు నాన్నా. ఆయిల్ వేడెక్కాక పోతుంది.’’

రెండు నిమిషాలకి పోయింది. ఆయన కనుబొమలు ఎగరేశాడు. ముప్ఫై ఏళ్ళ మెకానిక్ నాకిచ్చిన సర్టిఫికెట్ అదే.

బ్రేక్ ఆయిల్ మార్చే టైమైంది. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది, రెండేళ్ళకోసారి మార్చాలి. అక్క గ్యారేజీకి వెళ్ళాం. నాన్న చొక్కా విప్పి బనీనుతో కిందికి దూరబోయాడు. మోకాళ్ళు వంగలేదు. రెండుసార్లు ప్రయత్నించి, బంపర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆయన మొహం చూడలేక అటు తిరిగి నిపుల్‌కి పానా పెట్టా.

‘‘నువ్వు పెడల్ తొక్కు నాన్నా.’’

షెడ్డులో పెడల్ తొక్కడం అందరికంటే చిన్న హెల్పర్ పని. కొత్తగా చేరిన పిల్లాడికిచ్చేది. ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత వంగి, ఆ చిన్న సీట్లో కూలబడ్డాడు.

‘‘తొక్కు.’’

‘‘తొక్కా.’’

‘‘పట్టుకో.’’

‘‘పట్టుకున్నానమ్మా.’’

‘‘వదులు.’’

నాలుగు చక్రాలు. గంట పైనే పట్టింది. ఒక్కసారి కూడా ఆయన నేను చెప్పకముందు వదల్లేదు. ఒక్కసారి కూడా ‘అలా కాదు’ అనలేదు.

ఆ ఆదివారం హాకింగ్ హిల్స్ వైపు 374 నంబరు రోడ్డు మీద తిప్పుదామనుకున్నా. అడవి మధ్యలో మెలికలు తిరిగే రోడ్డు. అక్టోబర్లో చెట్లన్నీ ఎర్రగా, పసుప్పచ్చగా ఉంటాయి. సీట్లు రెండే. ‘‘నేను రాను, నా జుట్టు పాడవుతుంది. మీరిద్దరే పోండి’’ అంది అమ్మ. ఆవిడ జుట్టు గురించి అంత పట్టించుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు.

చాలాసేపు ఏం మాట్లాడుకోలేదు. ఒక మలుపు తిరిగాక అడిగేశా. ‘‘చిన్నప్పుడు నన్ను షెడ్డులోకి ఎందుకు రానిచ్చేవాడివి కాదు?’’

గాలికి వినబడలేదేమో అనుకున్నా. కాసేపటికి చెప్పాడు. ‘‘నీకు ఆరేళ్ళప్పుడు ఒక అంబాసిడర్ ఇంజిన్ ఆన్ చేసి ట్యూన్ చేస్తున్నా. ఎప్పుడొచ్చావో తెలీదు. పక్కన నిలబడి లోపలికి వంగావు. నీ జడ రిబ్బను ఫ్యాన్‌కి చుట్టుకుంది. హెల్పర్ కుర్రాడు లాగాడు కాబట్టి రిబ్బనుతో పోయింది. నువ్వు నవ్వుతూనే ఉన్నావు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.’’

నాకేం గుర్తులేదు. ఇన్నేళ్ళ కోపం ఒక్కసారిగా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కానీ ఒక ప్రశ్న మిగిలింది. ‘‘మరి బాబాయి కొడుకుని రానిచ్చావుగా? వాడూ చిన్నోడేగా. అంటే భయమా, నేను ఆడపిల్లననా?’’

ఆయన ముందుకి చూస్తూ కూర్చున్నాడు. ఇంకో రెండు మలుపులు.

‘‘రెండూనమ్మా. అబద్ధమెందుకు చెప్పను.’’

నేను గేరు తగ్గించా. కప్ప మలుపు తిరిగింది. ‘‘భయం తప్పు కాదు. రెండోదే...’’ అని ఆపేశాడు. నేను కూడా పొడిగించలేదు. వచ్చేటప్పుడు డ్రైవింగ్ సీటు ఆయనకిచ్చా. ఖాళీగా ఉన్న ఒక పార్కు పార్కింగ్ లాట్‌లో, ఒకే ఒక్క రౌండు. స్టీరింగ్ ఎడమవైపు, గేరు కుడివైపు. రెండుసార్లు తలుపు హ్యాండిల్‌ని గేరు అనుకుని పట్టుకున్నాడు. ఇద్దరం పడీ పడీ నవ్వాం. అప్పుడే ఒక ఫొటో తీశా.

నవంబర్లో వాళ్ళు వెళ్ళిపోయారు. కప్ప నిద్రకి పోయింది. ఒక పొద్దున్న వాట్సాప్ తెరిస్తే నాన్న డీపీ మారి ఉంది. ఎన్నో ఏళ్ళుగా అక్కడ దుర్గమ్మే ఉండేది. ఇప్పుడు ఎర్ర కారులో, టాపు లేకుండా, కళ్ళు చిట్లించి నవ్వుతున్న నాన్న. పెద్దది చేసి చూశా.

రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉన్నాయి. బ్రేక్ పని నాటి మసి ఇంకా గోళ్ళలోనే ఉంది.